నరసాపురం లేసు కొట్టు: గుడ్డకి పూర్తి మార్కులు, కూలి రేటుకి కాదు

మా అన్నయ్య కోడలు భోజనాల బల్ల మీదకి లేసు గుడ్డ అడిగితే పాలకొల్లు నుంచి నరసాపురం వెళ్ళి, ఒకావిడ నడుపుతున్న చిన్న కొట్లో తీసుకున్నాను. అచ్చమైన నూలు దారం. పువ్వులన్నీ ఒకే బిగువులో ఉన్నాయి, అతుకులు ఎక్కడున్నాయో వెతుక్కోవాలి. ఉతికి గంజి పెట్టినా సాగలేదు, ముడుచుకోలేదు. పక్క కొట్ల కంటే ధర కాస్త ఎక్కువే, అయినా ఇవ్వచ్చు.

నాకు బాగా నచ్చింది వేరే. "అల్లినవాళ్ళకి ఎంత ముట్టిందండీ?" అని అడిగితే ఆవిడ మాట దాటెయ్యలేదు, పుస్తకం తీసి ముందు పెట్టారు. చేతిపని ఎవరు చేశారు, అతుకుపని ఎవరిది, ఏజెంటు ఎంత తీసుకున్నాడు, అన్నీ తేదీలతో ఉన్నాయి. కాలేజీలో ఏళ్ల తరబడి బ్రిటన్ చరిత్ర చెప్పినదాన్ని, ఆ పుస్తకం చూడగానే ఇంగ్లండులో లేసుకి పేరుపడ్డ ఊరు నాటింగ్‌హామ్ గుర్తొచ్చింది.

వందేళ్ల కిందట అక్కడ మిల్లుల్లో యంత్రాల మీద లేసు వెడల్పాటి తానులుగా దిగేది. పట్టీలని కలిపి ఉంచే దారాలు లాగి, అంచులు కత్తిరించే పని పేదవాడల్లో ఆడవాళ్ళు ఇళ్ళలోనే చేసేవారు, పిల్లలూ కూర్చునేవారు. మిల్లుకీ వాళ్ళకీ మధ్య ఒక దళారీ ఆవిడ, ఆవిడ వాటా పోగా మిగిలిందే కూలి. ఆ లేసు జాకెట్టుకి వేసుకునే దొరసాని ఒకరు, దాన్ని ఉతికి ఇస్త్రీ చేసే పనిపిల్ల ఒకరు. ఆ రోజుల్లో బ్రిటన్ ఆడవాళ్ళకి అన్నిటికంటే ఎక్కువగా దొరికిన జీతం పని ఇళ్ళల్లో పాచిపనే. 1906లో లండన్‌లో ఇలాంటి చాకిరీ పనుల మీద ప్రదర్శన పెడితే జనం చూసి కదిలారు. 1909లో చట్టం వచ్చింది. కనీస కూలి నిర్ణయించమన్న మొదటి నాలుగు పనుల్లో లేసు పని ఒకటి, గొలుసుల తయారీ ఇంకొకటి. 1910లో ఇంగ్లండులోనే క్రాడ్లీ హీత్ అనే ఊళ్ళో గొలుసులు చేసే ఆడవాళ్ళు కార్మిక నాయకురాలు మేరీ మెకార్థర్ వెంట పది వారాలు పని మానేసి గంటకి రెండున్నర పెన్నీల కనీస కూలి సాధించుకున్నారు.

పుస్తకంలో కూలి, పట్టిన గంటలతో చూస్తే, తక్కువే. ఆ మాటే కొట్టావిడతో అన్నాను. "నేనొక్కదాన్నీ పెంచితే ధర పెరిగి బేరం పక్క కొట్టుకి పోద్దండి" అన్నారు. నిజమే. అందుకే బ్రిటన్‌లో చట్టం అందరు యజమానులకీ ఒకే కనీస కూలి పెట్టింది. మన లేసుకి 2024లో భౌగోళిక గుర్తింపు వచ్చింది, సంతోషం. అది పేరుని కాపాడుతుంది కానీ, మొగల్తూరులోనో సీతారామపురంలోనో అరుగు మీద కూర్చుని అల్లే ఆవిడ కూలిని కాదు. ఇక్కడా కొట్లన్నిటికీ ఒకే కూలి రేటు ఉండాలి, దాన్ని గుడ్డ మీద చీటీలో రాయాలి.

పెద్ద సైజులు నిల్వ ఉండవు, పెళ్ళిళ్ళ ముందు అయితే బాగా ముందే చెప్పుకోవాలి. రంగుల్లో తెలుపు, గోధుమ తప్ప పెద్దగా లేవు. పుస్తకం అడగండి, చూపిస్తారు.