కళ్ళ కింద నలుపుకి పీల్ మేలా, క్రీమే చాలా, ఫిల్లరా?

బెంగళూరు వచ్చి ఆరేళ్ళయింది, ఈ ఆరేళ్ళలో నన్ను అందరూ అడిగిన ప్రశ్న ఒక్కటే, "రాత్రిళ్ళు నిద్రపోవట్లేదా?" అని. వీడియో కాల్‌లో అమ్మ, ఆఫీసులో లీడు, ఆఖరికి మారతహళ్ళిలో మేం రోజూ తినే మెస్ ఆయన కూడా పప్పు వడ్డిస్తూ అడిగాడు. నేనేమో ఏడున్నర గంటలు ఒళ్ళు తెలీకుండా పడుకునే మనిషిని. మా నాన్నకీ, మేనత్తకీ అదే నలుపు, అంటే కొంత వారసత్వం, కొంత నా చేతి నిర్వాకం, అదేంటో తర్వాత చెప్తాను.

క్రీములు వాడాను, కిందటేడు పీల్ (ఆసిడ్ పూసి చర్మం పై పొర ఊడేలా చేయడం) చేయించుకున్నాను, లేజర్ గురించి రెండు చోట్ల కనుక్కున్నాను, ఫిల్లర్ (గుంట నిండేలా సూదితో ఎక్కించే జెల్) వేయించుకున్న రూమ్మేట్‌ని రోజూ చూస్తున్నాను. ఏది మేలని అడిగేవాళ్ళకి ముందు నేను చెప్పేది, కిటికీ దగ్గరికి అద్దం తీసుకెళ్ళమని.

పగటి వెలుతురులో కంటి కింది చర్మాన్ని వేలితో మెల్లగా పక్కకి లాగి చూడండి. గోధుమ రంగు కదలకుండా అలాగే ఉంటే అది చర్మంలో పేరుకున్న మెలనిన్, అంటే చర్మానికి రంగునిచ్చే పదార్థం. లాగినప్పుడు నీలంగా, ఊదాగా ఇంకా ముదిరితే లోపలి రక్తనాళాలు కనబడుతున్నాయని, ఎందుకంటే ఒంట్లో అన్నిటికంటే పల్చని చర్మం రెప్పలదే, దాదాపు అర మిల్లీమీటరు. ముఖం పైకెత్తి లైటు నేరుగా పడేలా చూస్తే నలుపు పోయిందా, అయితే అది రంగు కాదు, గుంట నీడ. చాలామందికి ఇవి కలగలిసి ఉంటాయి. నాకు ఎక్కువ భాగం గోధుమ, మిగతాది గుంట.

పీల్ పనిచేసేది ఆ గోధుమ రంగు మీదే. ఆసిడ్ చర్మం పై పొరలోని పాత కణాల పట్టు వదిలిస్తుంది, వాటితో పాటు రంగూ కొంత ఊడుతుంది, కింద నుంచి కొత్త పొర వస్తుంది. రక్తనాళాలనీ గుంటనీ అది ఏమీ చేయదు. ఈ ముక్క ఆరు సిట్టింగుల ప్యాకేజీ అమ్మే కౌంటర్లో అమ్మాయి మాత్రం చెప్పదు, నాకైతే చెప్పలేదు.

పీల్స్‌లోనూ ఏది అన్న గొడవుంది. గ్లైకాలిక్ ఆసిడ్ చెరకులో ఉండేది, అణువు చిన్నది కాబట్టి చర్మంలోకి చకచకా దిగుతుంది, పనీ ఎక్కువే మంటా ఎక్కువే. లాక్టిక్ అంటే పెరుగులోని పులుపే, కాస్త నెమ్మది. మాండెలిక్ ఇంకా నిదానం. టీసీఏ (ట్రైక్లోరో అసిటిక్ ఆసిడ్) అన్నది కంటి కింద వాడితే చాలా తక్కువ శాతంలో, అదీ బాగా చెయ్యి తిరిగిన డాక్టరే వాడాలి. 2016లో వచ్చిన మన దేశపు పరిశోధన ఒకటి 20 శాతం గ్లైకాలిక్ పీల్, 15 శాతం లాక్టిక్ పీల్, 20 శాతం విటమిన్ సి పూత, ఈ మూడింటినీ పోల్చితే గ్లైకాలిక్ ముందు, తర్వాత లాక్టిక్, ఆఖర్న విటమిన్ సి వచ్చాయి. ఇది తెలిసి కూడా నేను లాక్టిక్‌కే ఒప్పుకున్నాను. మన చామనచాయ చర్మంతో వచ్చిన తంటా ఏమిటంటే, దానికి మంట పుడితే ఎర్రబడి ఊరుకోదు, నల్లబడుతుంది, నలుపు పోవడానికి వేసిన మందే కొత్త నలుపు తెచ్చిపెడుతుంది.

మా పిన్ని కూతురికి అదే జరిగింది. పెళ్ళి పది రోజులుందనగా ఒక పార్లర్లో పీల్ వేయించుకుంది, ఎంత శాతమో అడగలేదు, వాళ్ళూ చెప్పలేదు. మూడో రోజుకి కళ్ళ కింద చర్మం పెచ్చులు కట్టింది, దాని కింద కాఫీ మరకలాంటి మచ్చలు. పెళ్ళి ఫోటోల్లో మేకప్ అంతా అక్కడే ఉంటుంది పాపం. ఆ మచ్చలు పోవడానికి ఐదు నెలలు పట్టింది.

సరిగ్గా చేసేవాళ్ళు ఎలా చేస్తారో నా సిట్టింగులో చూశాను. ముందు రెండు వారాలు సన్‌స్క్రీన్, రాత్రికి ఒక క్రీము, పీల్‌కి నాలుగు రోజుల ముందు రెటినాల్ (విటమిన్ ఎ రకం పూత మందు) బంద్. ఆ రోజు కంటి మూలల్లో పెట్రోలియం జెల్లీ రాశారు, కళ్ళు మూయించారు, నీళ్ళు కారితే వెంటనే అద్దడానికి పొడి దూది పట్టుకుని ఒకమ్మాయి పక్కనే నిలబడింది, ఎందుకంటే కన్నీటి తడి వెంట ఆసిడ్ కంట్లోకి జారొచ్చు. టైమర్ పెట్టి నిమిషాలు లెక్కపెట్టి తుడిచేశారు. చీమలు కుట్టినట్టుంది, అంతే. మూడు వారాలకోసారి నాలుగు సార్లు అయ్యేసరికి గోధుమ రంగు సుమారు సగం తగ్గింది. గుంట నీడ ఎక్కడిదక్కడే ఉంది, కాబట్టి మెస్ ఆయన ఇంకా అడుగుతూనే ఉన్నాడు.

ఆన్‌లైన్లో దొరికే 30 శాతం ఎర్ర సీసాలు మాత్రం కంటి దగ్గరికి రానివ్వకండి. కంటి చుట్టూ వాడొద్దని వాటి మీదే రాసుంటుంది. నిమ్మరసం కూడా వద్దు, అదీ ఆసిడే, కాకపోతే ఎంత శాతమో ఎవరికీ తెలీదు.

క్రీముల సంగతికొస్తే, ఖర్చు తక్కువ, ఓపిక ఎక్కువ కావాలి. విటమిన్ సి, అజెలాయిక్ ఆసిడ్, కోజిక్ ఆసిడ్, కొద్ది మోతాదు రెటినాల్, ఏదైనా ఎనిమిది నుంచి పన్నెండు వారాలు వాడితేగానీ తేడా తెలీదు. కెఫీన్ ఉన్నవి ఉబ్బునీ నీలాన్నీ కొన్ని గంటలు తగ్గిస్తాయి, మీటింగ్ రోజుకి పనికొస్తాయి. లేత గోధుమ రంగే అయితే క్రీముతోనే మొదలెట్టండి, నేను మళ్ళీ మొదట్నుంచి చేయాల్సొస్తే అదే చేస్తాను, ఆ తర్వాతే పీల్. ఒక్క క్రీము విషయంలో జాగ్రత్త: మందుల షాపులో నలుపుకి ఏదైనా ఇమ్మంటే చేతిలో పెట్టే ట్యూబులో చాలాసార్లు రంగు తగ్గించే హైడ్రోక్వినోన్, ట్రెటినాయిన్‌తో పాటు స్టెరాయిడ్ కూడా ఉంటుంది. వారంలో తెల్లబడినట్టు కనబడుతుంది, అందుకే మానరు. నెలల తరబడి రాస్తే అసలే పల్చని చర్మం ఇంకా పల్చబడుతుంది, కంట్లో ఒత్తిడి పెరిగే ప్రమాదం కూడా ఉంది.

లేజర్ నేను చేయించుకోలేదు. రంగు లోతుగా ఉండి పీల్‌కి లొంగనివాళ్ళకి 1064 నానోమీటర్ల ఎన్‌డీ-యాగ్ అనే లేజర్ వాడతారు, ఖర్చు ఎక్కువ, మళ్ళీ నల్లబడే భయం దానికీ ఉంది. నాకు మిగిలిన సగం నలుపుకి అంత అవసరం లేదనిపించింది.

గుంట ఉన్నవాళ్ళకి మాత్రం పీల్ డబ్బులు దండగ, ఫిల్లరే మేలు. మా రూమ్మేట్ పొద్దున వెళ్ళి మధ్యాహ్నానికి వేరే మనిషై వచ్చింది. హైలురానిక్ ఆసిడ్ జెల్ అది, నచ్చకపోతే కరిగించే ఇంజెక్షన్ కూడా ఉంది. పైపైన వేస్తే నీలంగా కనబడుతుంది, అరుదుగా రక్తనాళం మూసుకుపోయి చూపుకే ముప్పు రావచ్చు, కాబట్టి ఆఫర్ చూసి వెళ్ళే పని కాదిది.

ఇక నా చేతి నిర్వాకం. డాక్టరమ్మ అడిగిన మొదటి ప్రశ్న, "కళ్ళు నలుపుకుంటారా?" అని. నలుపుకుంటాను, బాగా! సిల్క్ బోర్డ్ కూడలి దుమ్ము, ఖాళీ సైట్ల నిండా వయ్యారిభామ కలుపు మొక్కలు, ఈ ఊరొచ్చాకే నాకు తుమ్ములూ దురదా మొదలయ్యాయి. అలర్జీతో ఏళ్ళ తరబడి నలుపుకుంటే అక్కడ రంగు పేరుకుంటుందట, నలుపుకుంటే నలుపే మరి. అలర్జీకి మాత్ర, చుక్కల మందు రాసిచ్చాకే పీల్ మాటెత్తింది ఆవిడ. ఇంకోటి, ఊరు చల్లగా ఉందని సన్‌స్క్రీన్ ఎగ్గొట్టకండి, సుమారు 900 మీటర్ల ఎత్తులో ఉన్నాం, ఎండ తెలీకుండానే కాలుస్తుంది. నేను రెండు నెలలు ఎగ్గొడితే పోయిన రంగులో కొంత తిరిగొచ్చింది.

గర్భిణులు, మొటిమలకి ఐసోట్రెటినాయిన్ మాత్రలు వేసుకునేవాళ్ళు, పెదవుల దగ్గర తరచూ నీటి పొక్కులు వచ్చేవాళ్ళు ఆ సంగతి డాక్టరుకి ముందే చెప్పండి. పెళ్ళికి నెల కూడా లేకపోతే పీల్ ఊసే వద్దు, నారింజ ఛాయ కరెక్టర్ (రంగుని కప్పే మేకప్) ఒకటి కొనుక్కోండి, నీలాన్ని బాగానే కప్పేస్తుంది.