ఈవెంటు సంస్థ రిసెప్షనా, ఊరి కమిటీ జాతరా: పాటకచ్చేరి బృందానికి ఏది మేలు?

మూఢం లేని ఏడాదైతే మే నెలలో తిరుపతి, చిత్తూరు ప్రాంతాల ఆర్కెస్ట్రా బృందాలకు ఒకే తేదీకి రెండు కబుర్లు రావడం మామూలే. ఒకటి కల్యాణ మండపంలో జరిగే రిసెప్షన్ కోసం ఈవెంటు సంస్థ నుంచి వస్తుంది. రెండవది గంగమ్మ జాతరలో పాటకచ్చేరి కోసం ఏదో ఒక ఊరి కమిటీ నుంచి వస్తుంది. రిసెప్షన్‌కు చెప్పే మొత్తం సాధారణంగా ఎక్కువ, మండపానికి ఏసీ ఉంటుంది, రాత్రి పదకొండుకల్లా ఇల్లు చేరవచ్చు. జాతరకు మొత్తం తక్కువ, దారి దూరం, తెల్లవారుజామున నిద్రమత్తులో ఉన్న డ్రైవరుతో తిరుగు ప్రయాణం. పైకి చూస్తే ఇందులో తేల్చుకోవలసినదేమీ లేదనిపిస్తుంది. ఈ రెండు రకాల వేదికల మీదా చాలా ఏళ్లుగా కీబోర్డు వాయిస్తూ, రెండు చోట్లా చేదు తిన్నవాడిగా నేను మాత్రం మొత్తాన్ని చివరి లెక్కగానే చూస్తాను. కార్యక్రమం ఏదో ఒక దగ్గర చెడుతుంది. అలా చెడినప్పుడు అడగడానికి మన ఎదుట ఎవరుంటారన్నది మొదటి లెక్క.

రిసెప్షన్‌లో ఆ మనిషి దొరకడు. పెళ్లివారు సంస్థతో మాట్లాడుకుంటారు, సంస్థ మరొక ఏజెంటుకు అప్పగిస్తుంది, ఆ ఏజెంటు మనకు ఫోను చేస్తాడు. పెళ్లివారికి ఏం చెప్పి ఒప్పించారో మనకు తెలియదు, మనకు ఎంత ఇస్తున్నారో పెళ్లివారికి తెలియదు. తిరుపతిలోనే ఒక మండపంలో మా ఆరుగురి బృందం వేదిక ఎక్కి రెండు పాటలు పూర్తిచేసేలోగా పెళ్లికూతురి తండ్రి వచ్చి, వేణువు, వయొలిన్ వాయించేవారు ఇంకా రాలేదేమని అడిగారు. మమ్మల్ని పిలిచినప్పుడు వాటి ప్రస్తావనే లేదు. ఆయన చేతిలోని కాగితంలో మాత్రం పదిమంది బృందమని ఉంది. ఏజెంటుకు ఫోను చేస్తే స్విచ్ఛాఫ్. ఆ రాత్రి బంధువులందరి కళ్లకూ మోసగాళ్లం మేమే అయ్యాము. ఆయనను తప్పుపట్టడానికి లేదు. డబ్బు కట్టినవాడికి వేదిక మీద కనిపించే ముఖాలే లెక్క.

ఇక సౌండు సంగతి. ఈ సంస్థల్లో చాలావరకు సౌండు పనిని డీజే కుర్రాళ్లకే అప్పగిస్తాయి. డీజేకు కావలసినవి రెండు పెద్ద బాక్సులు, తన లాప్‌టాప్ నుంచి వచ్చే ఒక జత తీగలు. బృందం లెక్క వేరు. గాయకులు ముగ్గురనుకుంటే మూడు మైకులు, రెండు కీబోర్డులకు నాలుగు తీగలు, లీడ్ గిటార్‌కు ఒకటి, బేస్ గిటార్‌కు ఒకటి, తబలాకు రెండు, డోలక్‌కు రెండు, రిథమ్ ప్యాడ్‌కు రెండు, మొత్తం పదిహేను. అక్కడికి వచ్చే మిక్సర్‌లో అందులో సగానికైనా చోటుండదు. కాబట్టి తబలా, డోలక్‌లకు కలిపి ఒకటే మైకు పెడతారు, రెండు కీబోర్డులను ఒకే తీగలో కలిపేస్తారు. వేదిక మీద పాడేవారి వైపు తిప్పి పెట్టవలసిన మానిటర్ స్పీకరు అసలు ఉండదు. తన గొంతు తనకు వినపడని గాయని శ్రుతి తప్పుతుంది, తప్పుతున్నదని తెలిసి గట్టిగా పాడుతుంది, మూడో పాటకు గొంతు బిగుసుకుపోతుంది. నేలంతా గ్రానైటు, గోడలంతా అద్దాలు ఉన్న మండపంలో శబ్దం తిరిగి తిరిగి కొడుతుంది కనుక, విన్నవారు మాత్రం ఆ అమ్మాయికి పాడటం రాదనే అనుకుంటారు.

వేళ విషయంలో కూడా ఇదే వరస. ఏడు గంటలకని పిలుస్తారు. వధూవరులు ఫొటోషూట్ ముగించుకుని మండపంలో అడుగుపెట్టేసరికి ఎనిమిదిన్నర దాటుతుంది. వచ్చాక వీడియో తీసేవారు వేదికకు అడ్డంగా నిలబడతారు, పెద్దలు మాటలు వినపడటం లేదని సౌండు తగ్గించమంటారు, అందరూ భోజనాల వైపు నడిచాక మిగిలిన కుర్చీలకు పాడుకోవాలి. ఆలస్యం వారిదైనా, పదిన్నరకు ముగించబోతే ఇంకో గంట వాయించాలని సంస్థ మనిషి పట్టుబడతాడు. ఆ గంటకు అదనంగా ఇచ్చిన సంస్థను నేను ఇంతవరకు చూడలేదు.

అన్నిటికంటే ముఖ్యమైనది మిగతా సొమ్ము. పెళ్లివారు సంస్థకు పూర్తిగా చెల్లించి ఉంటారు, సంస్థ మనకు రేపు ఫోన్‌పే చేస్తామంటుంది, ఆ రేపు వచ్చే ముహూర్తాల దాకా సాగుతుంది. ఇటీవల మరొక పద్ధతి కనిపెట్టారు: ఇవ్వవలసిన దానిలోంచి జీఎస్టీ తీసేశామని చెప్పి కొంత కోసుకుంటారు. ఇది మా కుర్రవాళ్లు తప్పక తెలుసుకోవలసిన విషయం. జీఎస్టీ అనేది సేవ అందించినవారు తమ బిల్లు మీద అదనంగా వేసేదే తప్ప, కళాకారుడి పారితోషికంలోంచి కోసుకునేది కాదు. సేవల మీద ఏడాది రాబడి 20 లక్షలు దాటని మామూలు బృందం రిజిస్ట్రేషన్ చేయించుకోవలసిన అవసరమే సాధారణంగా ఉండదు. శాస్త్రీయ, జానపద సంగీత నృత్యాలు ప్రదర్శించే కళాకారుడికైతే ఒక ప్రదర్శనకు 1.5 లక్షల రూపాయల వరకు ఆ పన్ను మినహాయింపే ఉంది. చట్టప్రకారం సంస్థ కోయగలిగినది ఆదాయపు పన్ను కింద టీడీఎస్, అంటే చెల్లించేటప్పుడే పట్టుకుని ప్రభుత్వానికి కట్టే పన్ను, మాత్రమే. అది నిజంగా కట్టి ఉంటే మన పాన్ నంబరు మీద ఆదాయపు పన్ను శాఖ చూపే పన్ను జమల పత్రంలో కనిపిస్తుంది, రిటర్ను వేసినప్పుడు లెక్కకు వస్తుంది. అందులో కనిపించని కోత ఏ పేరుతో జరిగినా అది సంస్థ జేబులోకి పోయిందనే అర్థం.

అయినా మండపానికి ఉన్న మేళ్లను కాదనలేము. వాన భయం లేదు, ఆడపిల్లలు బట్టలు మార్చుకోవడానికి గది ఉంటుంది, కరెంటు సరిగా ఉంటుంది. పెళ్లి వేడుకల్లో పాటలు పాడటాన్ని కాపీరైట్ చట్టం 52వ సెక్షన్ మినహాయించింది కనుక లైసెన్సుల తలనొప్పి కూడా లేదు.

జాతర కమిటీలోని లోపాలు ఇంతకంటే పెద్దవి, కొన్ని ప్రాణం మీదికి తెచ్చేవి. మొదటిది కరెంటు. సీరియల్ బల్బులు, చెరుకురసం బండ్లు, రంగులరాట్నం, మన మైకుసెట్టు అన్నీ ఒకే లైను మీద ఉంటాయి. రాట్నం కదిలినప్పుడల్లా వోల్టేజి పడిపోయి కీబోర్డు తనంతట తాను ఆగి మళ్లీ మొదలవుతుంది. స్పీకర్లలో ఎడతెగని 50 హెర్ట్జ్ ఝంకారం ఉంటుంది. ఎర్తు సరిగా లేని చోట, గిటారు తీగల మీద చేయి ఉంచి మైకుకు పెదవి తాకించిన గాయకుడికి షాకు కొడుతుంది. దీన్ని సరదా కబురుగా చెప్పుకునేవారున్నారు కానీ, వానకు తడిసిన వేదిక మీద అది సరదా కాదు. వెళ్లగానే టెస్టరుతో మైకు తలను తాకి చూడటం, నేలలో ఎర్తు కడ్డీ దిగిందో లేదో చూడటం మా తబలా ఆయన పని. ఆయన సరేననే దాకా ఎవరూ వాద్యం పెట్టె తెరవరు.

రెండవది వేళ. తొమ్మిది గంటలకని కరపత్రంలో ఉంటుంది. చందాదారుల పేర్లు చదవడం, నాయకుల ప్రసంగాలు, శాలువలు కప్పడం పూర్తయ్యేసరికి పదిన్నర. శబ్ద కాలుష్య నియంత్రణకు 2000 సంవత్సరంలో వచ్చిన నిబంధనల ప్రకారం రాత్రి 10 నుంచి ఉదయం 6 వరకు బయటి ప్రదేశాల్లో లౌడ్‌స్పీకరు వాడకూడదు. పండుగలకు రాష్ట్ర ప్రభుత్వం అర్ధరాత్రి వరకు సడలించవచ్చు గానీ ఏడాదికి 15 రోజులకు మించకూడదు. తలుపులు మూసిన మండపాలకు ఈ ఇబ్బంది లేదు. జాతరలో మాత్రం అనుమతి ఉన్నదో లేదో ఎవరికీ స్పష్టంగా తెలియదు, ప్రసంగాలకు రాని పోలీసులు మన నాలుగో పాటకు వస్తారు. పాట ఆగితే జనం అరిచేది పోలీసుల మీద కాదు.

మూడవది జనం. ఫలానా పాట కావాలని చీటీలు వస్తాయి, ఒక హీరో పాట పాడితే ఇంకో హీరో అభిమానులు వేదిక ముందుకు తోసుకొస్తారు. నగరి, సత్యవేడు వైపు తమిళ పాటలు, కుప్పం వైపు కన్నడ పాటలు కూడా అడుగుతారు. అవి రాకపోతే పిలిచినవారి పరువు పోయినట్టే. తప్పతాగి వేదిక ఎక్కి మైకు లాక్కునేవాడు ప్రతి ఊళ్లోనూ ఒకడుంటాడు. గాయనులకు మరుగుదొడ్డి సౌకర్యం ఉండదు. దగ్గరలోని ఇంటిని ముందే మాట్లాడి పెట్టమని కమిటీకి చెప్పకపోతే వారు పడే అవస్థ మాటల్లో చెప్పేది కాదు.

ఇన్ని చెప్పాక కూడా నా మొగ్గు జాతర వైపే. ఎందుకంటే అక్కడ పిలిచినవాడు, డబ్బు ఇచ్చేవాడు, వేదిక ముందు నిలబడినవాడు ఒకడే. తీగ కాలిపోతే ఊరి ఎలక్ట్రీషియన్ ఆ జనంలోనే ఉంటాడు, పెద్దాయన కేకేస్తే వస్తాడు. తాగి వచ్చినవాడిని వాడి మేనమామే రెక్క పట్టుకుని దించుతాడు. వేదిక ఎక్కక ముందే ఎవరో ఒకరి ఇంట్లో విస్తరి వేసి కూర్చోబెడతారు. మండపంలో అతిథులందరూ తిన్నాక, సాంబారు అడుగంటిన వేళకు, మమ్మల్ని పిలిచేవారూ ఉండరు. అమ్మవారి పేరు మీద పోగైన చందా సొమ్ములో కళాకారుడికి బాకీ పెట్టడానికి కమిటీవారు జంకుతారు. ఆ జంకు మీద నాకున్న నమ్మకం, స్టాంపు కాగితం మీద లేదు.

చిత్తూరు వైపు ఉభయం అనే ఏర్పాటు ఇందుకు మరింత బలం. కాణిపాకం బ్రహ్మోత్సవాల్లో ఒక్కో రోజు సేవకు ఉభయదారులు ఉన్నట్టే, చాలా ఊళ్లలో ఉత్సవపు ప్రతి రాత్రికీ ఒక కుటుంబమో, కులమో, వీధో బాధ్యత వహిస్తుంది. ఆ రాత్రి పాటకచ్చేరి వారిది. అది చెడితే వచ్చే ఏడాది దాకా వారికే మాట. ద్రౌపదీ ధర్మరాజుల గుళ్ల దగ్గర పద్దెనిమిది రోజుల పాటు సాగే మహాభారత ఉత్సవాల్లో పగలు హరికథ, రాత్రి వీధినాటకం ఇంతకాలంగా నిలబడటానికి కూడా ఈ పంపకమే కారణమని నా అభిప్రాయం. కనుక జాతరకు కబురు వస్తే నేను అడిగే మొదటి ప్రశ్న, ఆ రాత్రి ఉభయం ఎవరిది అని.

ఈ ప్రశ్నకు తడబడే ఊరికి వెళ్లకూడదు. కమిటీ రెండు వర్గాలైన ఒక ఊళ్లో, పాడటం ముగిశాక ఒక వర్గం రెండో వర్గాన్ని అడగమంది, రెండో వర్గం తిరిగి మొదటివారి దగ్గరికే పంపింది; తెల్లవారే దాకా గుడి మెట్ల మీద కూర్చుని సగానికి సర్దుకుని వచ్చాము. ఇటువంటి చోట చట్టపరంగా కూడా సంస్థే నయం. ఒప్పందాల చట్టం నోటిమాటను కూడా ఒప్పందంగానే చూస్తుంది, బాకీ కోసం దావా వేయడానికి మూడేళ్ల గడువు ఉంది. అయితే సంస్థకు చిరునామా, ఖాతా, వాట్సాప్‌లో రాతకోతలు ఉంటాయి, జాతరయ్యాక చెదిరిపోయిన కమిటీ మీద ఎవరి పేరు మీద నోటీసు పంపుతాము? నిజానికి ఈ పాటి సొమ్ముకు కోర్టుకు వెళ్లిన వాద్యకారుడిని నేనైతే ఎరగను.

సంగీత సభల సంగతి క్లుప్తంగా చెప్పవచ్చు. శ్రీరామనవమికో త్యాగరాజ ఆరాధనకో పిలిచే చిన్న సంస్థలు అవకాశం ఇవ్వడమే పారితోషికమన్నట్టు మాట్లాడతాయి. శాలువ, జ్ఞాపిక, దారి ఖర్చుల్లో సగం దక్కుతాయి. శాస్త్రీయ సంగీతం పాడే పిల్లలకు తిరుమల నాదనీరాజనం వేదిక, తిరుపతిలో మహతి, అన్నమాచార్య కళామందిరం వంటివి ఉన్నాయి. నాదనీరాజనం కార్యక్రమాలు దేవస్థానం వారి భక్తి చానల్ ఎస్వీబీసీలో ప్రసారమవుతాయి కనుక వేళకు మొదలుపెట్టి వేళకు ముగించే అలవాటు అక్కడ పట్టుబడుతుంది. పేరుకు, సాధనకు అవి మేలు. సినిమా పాటల బృందానికి బతుకుతెరువు మాత్రం వేరే చోటే వెతుక్కోవాలి. డిసెంబరు 31 రాత్రి టికెట్లు పెట్టి జరిపే కార్యక్రమాలను నేను ఈ పోలికలోకే తీసుకోను. అక్కడ పాటల లైసెన్సు నుంచి పోలీసు అనుమతి వరకు అన్నీ నిర్వాహకుడి మెడకే ఉంటాయి, టికెట్లు అమ్ముడుపోకపోతే ముందుగా కోత పడేది మనకే. మొత్తం ముందే చేతికి వస్తే తప్ప వెళ్లకపోవడమే మంచిది.

కాలాన్ని బట్టి చూసినా జాతరవారితో సంబంధం తెంచుకోకూడదు. ఆషాఢంలో పెళ్లిళ్లు ఆగిపోతాయి, మండపాలు మూతపడతాయి. ఆ నెల ముగియకముందే తమిళుల ఆడి మాసం మొదలవుతుంది, ఆడికృత్తికకు మా ప్రాంతమంతటా సుబ్రహ్మణ్యస్వామి గుళ్ల దగ్గర వేదికలు వెలుస్తాయి. రిసెప్షన్లనే నమ్ముకున్న బృందం ఆ నెలంతా వాద్యాలకు దుమ్ము దులుపుతూ కూర్చోవాలి.

అయినా ఈవెంటు సంస్థల పనిని పూర్తిగా వదులుకోమని చెప్పలేను. సంఖ్యలో అవే ఎక్కువ, వాటిలో మాట మీద నిలబడేవారూ ఉన్నారు. ఒప్పుకునే ముందు పదిహేను తీగల పట్టికను వాట్సాప్‌లో పంపి, సౌండు పంపేవాడి చేత సరేననిపించుకోవాలి. ముగింపు వేళను, దాటితే గంటకు ఎంతో కూడా అదే సందేశంలో రాయాలి. సగం బయానా, మిగతా సగం మొదటి పాటకు ముందు. వీటన్నిటికంటే నేను గట్టిగా పట్టుబట్టేది, పెళ్లివారితో ఒక్కసారి ఫోనులో మాట్లాడించాలన్నది. బృందంలో ఎంతమంది, ఏ వాద్యాలు, ఏ భాషల పాటలు అన్నది వారికి మా నోటి నుంచే తెలియాలి. ఆ ఫోనుకు ఒప్పుకోని సంస్థ జాతర సొమ్ముకు రెట్టింపు ఇస్తానన్నా, ఆ తేదీ జాతరకు అడిగిన ఊరి కమిటీకే వెళ్తుంది.