మొటిమలకు క్లిండమైసిన్ జెల్: కొన్నేళ్ల వాడకం తరువాత నా సమీక్ష

మొటిమలకు పైన పూసే యాంటీబయోటిక్‌లలో మన మందుల దుకాణాల్లో అన్నిటికన్నా తేలికగా దొరికేది క్లిండమైసిన్ 1 శాతం జెల్. చాలా ట్యూబుల్లో దానికి తోడుగా విటమిన్ బి3 రూపమైన నికోటినమైడ్ 4 శాతం కూడా ఉంటుంది. ఈ జెల్‌ను నేను కొన్నేళ్లలో వేర్వేరు దశల్లో వాడాను: మొదట ఒక్కదాన్నే, తరువాత బెంజాయిల్ పెరాక్సైడ్ అనే మరో పూత మందుతో కలిపి, ఆపైన అడాపలీన్ అనే మూడో పూత మందు కూడా చేర్చి. అడాపలీన్ నిలకడగా పని చేయడం మొదలయ్యాక క్లిండమైసిన్‌ను పూర్తిగా ఆపేశాను. ఇది మంచి మందే. అయితే దీన్ని ఒంటరిగా వాడకూడదు, నెలల తరబడి సాగదీయకూడదు. ఈ రెండు షరతులూ మందు కొనే చోట ఎవరూ చెప్పరు కాబట్టి నా అనుభవాన్ని కాస్త వివరంగా రాస్తున్నాను.

నాది జిడ్డు చర్మం. ఉండేది విజయవాడలో. ఏడాదిలో ఎక్కువ నెలలు ఉక్కపోతే. స్కూటీ మీద ఆఫీసుకు వెళ్లేటప్పుడు ఎండకూ దుమ్ముకూ ముఖమంతా చున్నీ చుట్టుకోవడం ఇక్కడి ఆడవాళ్లందరికీ అలవాటే. ఆ చున్నీ కింద చెమట పట్టి, గుడ్డ రాసుకుని, బుగ్గల మీదా దవడ పొడవునా మొటిమలు మరింత రేగేవి. నొప్పితో కూడిన ఎర్రటి మొటిమలు, కొన్ని చీము పట్టినవి, నుదుటి మీద మాత్రం ఎరుపు లేని సన్నటి బొడిపెలు, ముక్కు మీద బ్లాక్‌హెడ్స్. నాకున్న రకాలు ఇవి. వీటిని విడివిడిగా చెప్పడానికి కారణం ఉంది. ఈ జెల్ వీటన్నిటి మీదా ఒకేలా పని చేయలేదు.

మా వీధిలోని మందుల దుకాణంలో మొటిమలకని అడిగితే ఇచ్చిన ట్యూబుతో నా వాడకం మొదలైంది. నిజానికి ఇది డాక్టరు చీటీ మీదే కొనుక్కోవలసిన మందు. జెల్ జిగట లేకుండా తేలిగ్గా ఇంకిపోతుంది, మంట పుట్టదు, చర్మం పొడిబారదు, పొద్దున పూసుకుని పైన సన్‌స్క్రీన్ రాసుకున్నా ఇబ్బంది ఉండదు. కొద్ది వారాల్లోనే ఎర్రటి మొటిమల వాపు తగ్గింది, చీము పట్టినవి త్వరగా ఎండిపోయాయి. అంత సౌమ్యంగా ఉంటూ అంత త్వరగా ఫలితం చూపిన పూత మందు నేను అంతకుముందు చూడలేదు. ముఖ్యంగా, మొటిమ తగ్గాక మిగిలే నల్లమచ్చలు మనలాంటి చామనఛాయ వాళ్లకు మొటిమకన్నా ఎక్కువ బాధ కలిగిస్తాయి కనుక, వాపు త్వరగా తగ్గి మచ్చ చిన్నదిగా మిగలడం నాకు పెద్ద మేలుగానే అనిపించింది.

కానీ నుదుటి మీది బొడిపెలూ ముక్కు మీది బ్లాక్‌హెడ్స్‌ ఎప్పుడూ కదల్లేదు. అంతేకాక, కొన్ని నెలలు గడిచేసరికి కొత్త ఎర్రటి మొటిమలు మళ్లీ రావడం మొదలైంది. అదే మందు, అంతే మోతాదు, రోజుకు అదే రెండుసార్లు. అయినా మొదట్లో ఉన్న ప్రభావం లేదు. చర్మవైద్యురాలి దగ్గరకు వెళ్లింది అప్పుడే. ఆవిడ చెప్పిన వివరణ నా అనుభవంలోని రెండు చిక్కుముడులనూ విప్పింది.

మొటిమ పుట్టడానికి నాలుగు కారణాలు కలిసి పని చేస్తాయి: నూనె గ్రంథులు ఎక్కువ జిడ్డును స్రవించడం, వెంట్రుక కుదురు నోట మృతకణాలు అడ్డుపడి మూసుకుపోవడం, ఆ మూతపడిన కుదురులో క్యూటీబ్యాక్టీరియం యాక్నెస్ అనే బ్యాక్టీరియా పెరగడం, దానికి శరీరం స్పందించి వాపు రావడం. క్లిండమైసిన్ బ్యాక్టీరియా కణంలోని రైబోజోమ్‌కు అంటుకుని అది ప్రోటీన్లు తయారు చేసుకోకుండా ఆపుతుంది, కొంత వాపునూ తగ్గిస్తుంది. అంటే నాలుగింటిలో చివరి రెండింటి మీదే దాని పని. మూసుకుపోయిన కుదురును అది తెరవదు, జిడ్డును తగ్గించదు. అందుకే ఎర్రటివి తగ్గినా సన్నటి బొడిపెలు అలాగే ఉండిపోయాయి. ఇక రెండోది నిరోధకత. ఒకే యాంటీబయోటిక్‌ను రోజూ అదే చర్మం మీద రాస్తూ పోతే దానికి లొంగని బ్యాక్టీరియా మిగిలి అదే పెరుగుతుంది. క్లిండమైసిన్‌కు లొంగనిది చాలాసార్లు ఎరిత్రోమైసిన్‌కూ లొంగదు కాబట్టి ఒకదాన్ని ఆపి రెండోదానికి మారినా లాభం ఉండదు.

ఈ నిరోధకత నా ఒక్కదాని ముఖంతో ఆగేది కాదన్న సంగతి నన్ను ఎక్కువగా కలవరపెట్టింది. మొటిమల బ్యాక్టీరియాతో పాటు చర్మం మీదా ముక్కులోనూ మామూలుగా ఉండే స్టెఫైలోకాకస్ అనే బ్యాక్టీరియా రకాలు కూడా ఇలాగే మందుకు మొండికేస్తాయి. పైపూత యాంటీబయోటిక్‌లు వాడేవారి ఇంట్లో ఉండే ఇతరుల చర్మం మీద కూడా లొంగని మొటిమల బ్యాక్టీరియా కనిపించినట్టు పరిశోధనలు నమోదు చేశాయి. క్లిండమైసిన్ ఎముకలకూ చర్మపు లోతైన పొరలకూ పట్టే తీవ్రమైన ఇన్‌ఫెక్షన్లలో వైద్యులు ఆధారపడే మందు. మొటిమల కోసం దాన్ని విచ్చలవిడిగా వాడి పాడుచేసుకోవడం నాకు ఏ విధంగానూ సమంజసంగా తోచదు. బ్రిటన్‌లో వైద్యానికి మార్గదర్శకాలు రూపొందించే నైస్ సంస్థ 2021లో ఇచ్చినవీ, అమెరికా చర్మవైద్యుల సంస్థ అమెరికన్ అకాడమీ ఆఫ్ డెర్మటాలజీ 2024లో ఇచ్చినవీ పైపూత యాంటీబయోటిక్‌ను ఒక్కదాన్నే వాడవద్దనే చెబుతున్నాయి.

వైద్యురాలు జెల్‌ను ఆపలేదు, దానికి తోడుగా బెంజాయిల్ పెరాక్సైడ్ 2.5 శాతం జోడించి, 12 వారాల తరువాత తిరిగి చూపించుకోమన్నారు. బెంజాయిల్ పెరాక్సైడ్ యాంటీబయోటిక్ కాదు. ఆక్సీకరణ ద్వారా బ్యాక్టీరియాను చంపుతుంది కనుక దానికి నిరోధకత పెరిగిన దాఖలాలు లేవు. క్లిండమైసిన్‌కు లొంగనివాటిని కూడా ఇది చంపుతుంది కాబట్టి, రెండూ కలిసి ఉన్నప్పుడు మొండి రకాలు పెరిగే అవకాశం తగ్గుతుంది. కుదుళ్లలోని అడ్డును కూడా కొద్దిగా కరిగిస్తుంది. శాతం పెంచితే ఫలితం పెరుగుతుందనుకునేవారు చాలామంది ఉన్నారు, కానీ 2.5 శాతం దాదాపు 10 శాతమంత బాగానే పని చేస్తుంది, మంటా పొలుసూ తక్కువ. ఈ జంట నాకు ఒక్క క్లిండమైసిన్ ఎన్నడూ ఇవ్వనంత స్థిరమైన ఫలితం ఇచ్చింది.

దీనితో ఇబ్బందులు లేకపోలేదు. మొదటి వారాల్లో చర్మం బిగుసుకుపోయింది, పెదవుల మూలలు పొలుసు రేగాయి. ముఖం కడుక్కుని, తడి పూర్తిగా ఆరాక, మాయిశ్చరైజర్ రాసి, దాని మీద పల్చగా పూయడంతో సర్దుకుంది. రంగు బట్టల విషయంలో మాత్రం సర్దుబాటు లేదు. బెంజాయిల్ పెరాక్సైడ్ తగిలిన చోట రంగు వెలిసిపోతుంది. తువ్వాళ్లు, దిండు గలీబులు, చున్నీలు అన్నిటికీ ఇదే గతి. తెల్ల గలీబు, తెల్ల తువ్వాలు వేరుగా పెట్టుకోవడం, మందు రాసుకున్న వెంటనే చున్నీ చుట్టకపోవడం తప్ప దారి లేదు.

నిల్వ సంగతి కూడా చెప్పాలి. బెంజాయిల్ పెరాక్సైడ్ వేడికి విడిపోయి, క్యాన్సర్ కలిగించగల బెంజీన్‌గా మారగలదని 2024లో అమెరికాలోని ఒక స్వతంత్ర ప్రయోగశాల హెచ్చరించింది. ఆ మరుసటి ఏడాది అక్కడి ఔషధ నియంత్రణ సంస్థ ఎఫ్‌డీఏ 95 ఉత్పత్తులను పరీక్షించగా 90 శాతానికి పైగా వాటిలో బెంజీన్ అసలు లేదు, లేదా అతి స్వల్పంగా ఉంది. కొన్నింటిని మాత్రం వెనక్కి తీసుకున్నారు. భయపడి మానేయవలసినంత విషయం కాదుగానీ, మే నెలలో స్కూటీ డిక్కీలో ట్యూబు వదిలేయకుండా ఇంట్లో చల్లటి చోట పెట్టుకోవడం, గడువు దాటినది పారేయడం తప్పనిసరి అని నేను అనుకుంటాను.

మూడో దశలో రాత్రిపూట అడాపలీన్ 0.1 శాతం చేరింది. నా దృష్టిలో నుదుటి బొడిపెలను తగ్గించిందీ, మొటిమలు తిరిగి రాకుండా నిలబెట్టిందీ ఇదే. విటమిన్ ఏ కుటుంబానికి చెందిన ఈ మందు కుదురు నోరు మూసుకుపోకుండా చూస్తుంది. మొదటి నెలలో మొటిమలు ఎక్కువైనట్టు కనిపించాయి. వారానికి మూడు రాత్రులతో మొదలుపెట్టి, ముఖమంతటికీ కలిపి శనగగింజంత మాత్రమే తీసుకుని, నెమ్మదిగా పెంచుకుంటూ వెళ్లాను. మూడు నెలల దాకా తీర్పు చెప్పవద్దని వైద్యురాలు ముందే చెప్పి ఉండకపోతే నాకు ఓపిక నిలిచేది కాదేమో. గర్భిణులూ గర్భం కోసం ప్రయత్నిస్తున్నవారూ దీన్ని వాడకూడదు. ఈ విషయం డాక్టరుకు ముందే చెప్పాలి.

క్లిండమైసిన్‌కు సంబంధించి మరో జాగ్రత్త. పైపూతగా వాడినా కొంత శరీరంలోకి ఇంకుతుంది, చాలా అరుదుగా తీవ్రమైన విరేచనాలు, పెద్దపేగు వాపు రావచ్చు. పేగు వాపు జబ్బు ఉన్నవారు, గతంలో యాంటీబయోటిక్‌ల వల్ల పేగు వాపు వచ్చినవారు దీన్ని వాడకూడదు. నాకు అలాంటిదేమీ రాలేదు.

అన్ని మొటిమలూ ఈ మందుకు లొంగే రకాలు కావు. మా తమ్ముడు ఇంటర్ హాస్టల్లో ఉన్నప్పుడు వాడి నుదుటి మీదా వీపు మీదా ఒకే పరిమాణంలో దురద పెట్టే సన్నటి గుల్లలు వచ్చాయి. వాడు నా ట్యూబు అడిగాడు. డాక్టరుకు చూపిస్తే అది మలసీజియా అనే ఈస్టు (ఒక రకం ఫంగస్) వల్ల వచ్చిందని తేలింది. దానికి యాంటీబయోటిక్ పని చేయకపోవడమే కాక మరింత పెంచగలదు. యాంటీఫంగల్ మందుతో తగ్గింది. దురద ఎక్కువగా ఉంటే ఈ అనుమానం తప్పక రావాలి. ఇంకో ప్రమాదం ముఖం తెల్లబడటానికని అమ్ముడయ్యే స్టెరాయిడ్ క్రీములు. బీటామెథసోన్, క్లోబెటసాల్, మోమెటసోన్ వంటి పేర్లు పెట్టె మీద ఉంటే ముఖానికి రాయకండి. మొదట్లో మొటిమ అణగినట్టే ఉంటుంది, ఆ తరువాత చర్మం పల్చబడి, ఎర్రబడి, ఆపగానే మొటిమలు విరుచుకుపడతాయి. వీటిని విచ్చలవిడిగా అమ్ముతున్నారని చర్మవైద్యుల సంఘం ఏళ్లుగా పోరాడుతోంది. నెలసరికి ముందు దవడ కింద లోతుగా వచ్చే గడ్డలకు, నెలసరి క్రమం తప్పినవారికి హార్మోన్ల పరీక్షలు ముఖ్యం. మచ్చలు గుంటలుగా పడుతున్నా, లోతైన బాధాకరమైన గడ్డలు వస్తున్నా జెల్‌తో కాలం వెళ్లబుచ్చకుండా వెంటనే చర్మవైద్యుల దగ్గరకు వెళ్లాలి. అక్కడ వాడవలసిన మందులు వేరు.

ఒక చిన్న పరిశీలన నికోటినమైడ్ గురించి. నా జెల్‌లో అది ఊరికే చేర్చిన దినుసు కాదని 1995లో వెలువడిన ఒక పరిశోధన చూశాక అర్థమైంది: 4 శాతం నికోటినమైడ్ జెల్, 1 శాతం క్లిండమైసిన్ జెల్ ఎనిమిది వారాల్లో దాదాపు ఒకే ఫలితం ఇచ్చాయి. అది యాంటీబయోటిక్ కాదు కనుక నిరోధకత సమస్య లేదు. తేలికపాటి మొటిమలున్న స్నేహితురాలు అడిగితే నేను మొదట దాని సంగతే చెబుతాను.

ఎరుపూ చీమూ ఉన్న మధ్యస్థపు మొటిమలకు, బెంజాయిల్ పెరాక్సైడ్ తోడుగా, మూడు నెలల గడువు పెట్టుకుని, వైద్యుల పర్యవేక్షణలో వాడేవారికి క్లిండమైసిన్ జెల్‌ను నేను నిస్సంకోచంగా సిఫారసు చేస్తాను. మొటిమ మీద చుక్కలా పెట్టకుండా, మొటిమలు వచ్చే ప్రాంతమంతా పల్చగా రాయాలి. ప్రస్తుతం నా దగ్గర రాత్రికి అడాపలీన్, పగటికి సన్‌స్క్రీన్, అవసరమైనప్పుడు బెంజాయిల్ పెరాక్సైడ్ మాత్రమే ఉన్నాయి. క్లిండమైసిన్ ట్యూబు మళ్లీ కొనవలసి వస్తే చీటీ మీద మొదలుపెట్టే తేదీతో పాటు ఆపే తేదీ కూడా రాయమని అడుగుతాను.