సెలైన్ ముక్కు చుక్కలు: పిల్లల ముక్కు వెంట నెత్తురు కారే ఇళ్ళలో ఎంతవరకు ఆదుకుంటాయి?

మందుల షాపుల్లో పిల్లల ముక్కు చుక్కలుగా దొరికే 0.65 శాతం ఉప్పునీటి ద్రావణం గురించి ఈ సమీక్ష. మా అబ్బాయికి ఆరేళ్ళు. తరచుగా ముక్కు వెంట నెత్తురు కారుతుంటే, పిల్లల వైద్యుడి సలహా మీద ఈ చుక్కలు మొదలుపెట్టి, ఒక వానాకాలమూ ఒక చలికాలమూ దాటినా వాడుతూనే ఉన్నాము. నా అభిప్రాయం ముందే చెప్పేస్తాను: నెత్తురు కారకుండా చూసుకోవడానికి ఇది మంచి సరుకే గాని, కారుతున్న నెత్తురును ఆపడానికి ఎందుకూ కొరగాదు. ఈ రెండో మాట మేము కొన్న డబ్బాల మీద ఎక్కడా లేదు; అందుకే నెత్తురు చూడగానే కంగారుపడి సీసా కోసం వెతుక్కునే తల్లిదండ్రులు మా చుట్టుపక్కల ఇళ్ళలో కనిపిస్తూనే ఉంటారు.

గోదావరి డెల్టాలో ఏడాదిలో ఎక్కువ భాగం గాలి చెమ్మగానే ఉంటుంది కనుక, ముక్కు లోపల ఎండిపోవడమనే బాధ మనకెందుకు వస్తుందన్న అనుమానం సహజం. మా కోనసీమ పిల్లల విషయంలో అసలు కారణాలు వేరు. ఎండలు ముదిరాక పడమటి గాలి వీచే రోజులు కొన్ని ఉంటాయి. ఆ రోజుల్లోనూ, ఆ తరువాత ఉక్కపోతలోనూ రాత్రంతా ఏసీ వేసిన గదిలో పడుకునే పిల్లల ముక్కు లోపలి పొర ఆరిపోతుంది. సార్వా, దాళ్వా కోతల్లో నూర్పిళ్ళ దుమ్ము, కొబ్బరి వలుపు జరిగే కొట్టాల్లో పీచు దూగర వీటికి తోడవుతాయి. వానాకాలంలో ఒకదాని వెనుక ఒకటిగా వచ్చే జలుబులు, ఎలర్జీతో వచ్చే తుమ్ములు ఆ పొరను మరింత ఒరిపిడికి గురిచేస్తాయి. అన్నిటికన్నా పెద్ద కారణం మాత్రం పిల్లవాడి చూపుడు వేలే. ముక్కును నిలువునా రెండుగా విడదీసే మధ్య గోడ ముందు భాగంలో, పంట కాలవలు నాలుగైదు వచ్చి ఒకచోట కలిసినట్టు, సన్నని రక్తనాళాలు పలుచని పొర కిందనే కలుసుకుంటాయి. వైద్యులు లిటిల్స్ ఏరియా అని పిలిచే ఈ చోటు పిల్లవాడి వేలికి సరిగ్గా అందుతుంది. ఒకసారి చిట్లిన నాళం మీద పక్కు కడుతుంది, పక్కు ఎండితే దురద పెడుతుంది, పిల్లవాడు దాన్ని గిల్లుతాడు, మళ్ళీ నెత్తురు వస్తుంది. పిల్లల్లో తరచుగా కనిపించే ముక్కు నెత్తురులో అత్యధిక భాగం ఈ ముందు చోటునుంచి వచ్చేదే.

సెలైన్ చుక్కల ఉపయోగం ఈ గొలుసును తెంచడంలోనే ఉంది. వీటిలో ఉన్నది సోడియం క్లోరైడ్, అంటే మామూలు ఉప్పు కలిపిన శుద్ధమైన నీరు. చాలా కంపెనీల సరుకులో బెంజాల్కోనియం క్లోరైడ్ అనే నిలువ మందు కొద్దిగా కలుపుతారు. శరీరంలోని ద్రవాలకు సరిపోలే ఉప్పు మోతాదు 0.9 శాతం కాగా, ఇది అంతకన్నా కాస్త పలుచన. వేసినప్పుడు మంట దాదాపు ఉండదు. నెత్తురు అప్పుడే ఆగి లోపల పచ్చిగా ఉన్న ముక్కులో వేస్తే మాత్రం మా వాడు చురుక్కుమందని ఏడ్చాడు; మరునాటినుంచి వేయమని వైద్యుడు చెప్పారు. పడుకోబోయే ముందు ఒకసారి, బడినుంచి వచ్చి ముఖం కడుక్కున్నాక ఒకసారి, రెండు ముక్కుల్లోనూ రెండేసి చుక్కలు చాలు. పక్కులు మెత్తబడి వాటంతట అవే రాలిపోతాయి కనుక వేలికి పని తగ్గుతుంది. గోళ్ళు కత్తిరించకుండా చుక్కలొక్కటే వేస్తే ఫలితం సగమైనా రాదు. అందువల్ల మా ఇంట్లో ఈ సీసాకూ గోళ్ళు కత్తిరించే కత్తెరకూ ఒకే డబ్బాలో చోటిచ్చాను.

ఈ చుక్కలతో పాటు పెట్రోలియం జెల్లీని కూడా చాలామంది సిఫారసు చేస్తారు. చిటికెన వేలి కొసకు కొద్దిగా తీసుకుని ముక్కు రంధ్రపు అంచు లోపల రాసి, పైనుంచి మెల్లగా నొక్కితే అదే మధ్య గోడకు అంటుకుంటుంది. దూది పుల్లతో లోతుగా రాయడం వల్ల మేలుకన్నా గాయమే ఎక్కువ. అయితే దీని మీద ఆశలు పెద్దగా పెట్టుకోవద్దు. పదేపదే ముక్కు వెంట నెత్తురు కారే పిల్లల మీద జరిపి 2004లో ప్రచురించిన ఒక పరీక్షలో, జెల్లీ రాసిన పిల్లలకూ ఏమీ రాయని పిల్లలకూ చెప్పుకోదగ్గ తేడా కనిపించలేదు. మేము దాన్ని ఏసీ వేసుకునే రాత్రుల్లో మాత్రమే రాస్తున్నాము.

కొనేటప్పుడు జాగ్రత్త పడవలసిన చోటు ఒకటుంది. ఈ సమీక్ష రాయడానికి అది కూడా ఒక కారణం. మా దగ్గర పట్టణంలోని ఒక మందుల షాపులో ముక్కు చుక్కలు అడిగినప్పుడు, కౌంటరు దగ్గరున్న కుర్రాడు "పిల్లలకేనా అండీ? ఆయ్, ఇదిగోండి, చిటికెలో దిబ్బడ విడిపోద్దండి" అంటూ ఒక సీసా చేతిలో పెట్టాడు. డబ్బా తిప్పి చూస్తే అందులో ఉన్నది ఆక్సీమెటాజోలిన్. అది రక్తనాళాలను ముడుచుకునేలా చేసి ముక్కు దిబ్బడను విప్పే మందు. సెలైన్‌తో దానికి ఏ సంబంధమూ లేదు. వరుసగా కొన్ని రోజులకు మించి వాడితే, మందు ఆపగానే ముక్కు మునుపటికన్నా గట్టిగా దిబ్బడ వేస్తుంది. చిన్నపిల్లలకు వైద్యుడు చెప్పనిదే వేయకూడదు. నెత్తురు ఆపడానికి వైద్యులు ఆ మందును కొన్ని సందర్భాల్లో వాడే మాట నిజమే గాని, అది వారి చేతిలో జరగవలసిన పని. రెండు సీసాలూ ఒకే సైజులో, ఒకే రకం మూతతో, పక్కపక్క అరల్లో ఉంటాయి. కొన్ని కంపెనీలు ఈ రెండు సరుకులకూ ఒకే పేరు పెట్టి చివర ఒక మాట మాత్రమే మారుస్తాయి. కాబట్టి పేరు చెప్పి అడగకుండా, డబ్బా మీద సోడియం క్లోరైడ్ అనీ 0.65 శాతం అనీ రాసి ఉందో లేదో చూసుకుని డబ్బులివ్వండి. ఆక్సీమెటాజోలిన్, జైలోమెటాజోలిన్ అన్న పేర్లలో ఏది కనిపించినా తిరిగి ఇచ్చేయండి.

ఇక నెత్తురు కారుతున్నప్పటి సంగతి. అప్పుడు పనిచేసేది సీసా కాదు, పెద్దవాళ్ళ బొటనవేలూ చూపుడు వేలూ. పిల్లవాణ్ణి నిటారుగా కూర్చోబెట్టి, తలను కొద్దిగా ముందుకు వంచి, ముక్కు కింది మెత్తని భాగాన్ని రెండు వేళ్ళతో గట్టిగా పట్టుకోవాలి. పైనుండే ఎముక భాగాన్ని, అంటే ముక్కుదూలాన్ని నొక్కితే ప్రయోజనం శూన్యం. పిల్లవాడు నోటితో గాలి పీల్చుకుంటూ, నోట్లోకి వచ్చిన నెత్తురును మింగకుండా ఉమ్మేయాలి. గడియారం చూసుకుని పది నిమిషాలు వదలకుండా పట్టుకోవడమే ఇందులోని కిటుకంతా. ఆగిందో లేదో చూద్దామని మధ్యలో వేళ్ళు తీస్తే, అప్పుడప్పుడే గడ్డకడుతున్న నెత్తురు చెదిరిపోయి లెక్క మొదటికి వస్తుంది. అమెరికా ముక్కు, చెవి, గొంతు వైద్యుల సంఘం 2020లో వెలువరించిన మార్గదర్శకాలు కూడా ముక్కు కింది మూడో వంతును కనీసం ఐదు నిమిషాలు గట్టిగా నొక్కి ఉంచమనే చెబుతున్నాయి. పిల్లల విషయంలో పది నిమిషాలు పెట్టుకుంటేనే నిశ్చింత. ముక్కులో దూది కుక్కడం వద్దు. దాన్ని లాగినప్పుడు పక్కు కూడా ఊడి వస్తుంది. ఆగిన తరువాత ఆ రోజుకు ముక్కు చీదడం, గెంతులు, వేడి వేడి పాలు మానిపించాలి.

ఈ పద్ధతికి మా ఇంట్లో మొదట ఎదురు చెప్పినది మా అత్తయ్యగారు. "వాడికి వేడి చేసిందే అమ్మాయ్, తల వెనక్కి వాల్చి నెత్తిన చన్నీళ్ళు కొట్టు, ఉల్లిపాయ చిదిపి వాసన చూపించు" అన్నది ఆవిడ తరతరాలుగా విన్న వైద్యం. తల వెనక్కి వాలిస్తే నెత్తురు ఆగదు, కనబడకుండా గొంతులోకి దిగుతుంది. కడుపులో చేరిన నెత్తురు నల్లని వాంతిగా బయటకు వచ్చి ఇంటిల్లిపాదినీ హడలగొడుతుంది. ఒకసారి అలాంటి వాంతి చూశాక, వైద్యుడి ఎదుట ఆవిడే ఈ సంగతి అడిగి తెలుసుకున్నారు. ఇప్పుడు మనవడి ముక్కు పట్టుకుని గోడ గడియారం ముందు కూర్చునేది ఆవిడే; నాకన్నా ఓపికగా పట్టుకుంటారని ఒప్పుకోక తప్పదు. సబ్జా నీళ్ళు, మజ్జిగ తాగించే అలవాటును నేనూ కాదనను. ఎండల్లో పిల్లల ఒంట్లో నీరు తగ్గకుండా చూసుకోవడం మంచిదే, కాకపోతే కారుతున్న నెత్తురుకు అది మందు కాదు.

చుక్కలు కొనుక్కుని ఇంట్లో ఊరుకోకూడని సందర్భాలను కూడా చెప్పకపోతే ఈ సమీక్షకు అర్థం ఉండదు. సరిగ్గా నొక్కి పట్టినా ఇరవై, ముప్పై నిమిషాల్లో ఆగకపోయినా, తలకో ముఖానికో దెబ్బ తగిలాక నెత్తురు వచ్చినా, పిల్లవాడు పాలిపోయి సొమ్మసిల్లినట్టున్నా వెంటనే ఆసుపత్రికి చేర్చాలి. 108కి ఫోన్ చేయడానికి సందేహించనక్కరలేదు. రెండేళ్ళలోపు పసివాళ్ళకు ముక్కు వెంట నెత్తురు రావడం అరుదు కాబట్టి ఒక్కసారి వచ్చినా చూపించాలి. ఒంటి మీద కారణం లేకుండా నీలి మచ్చలు, చిగుళ్ళ వెంట నెత్తురు, ఇంట్లో మరెవరికైనా నెత్తురు త్వరగా గడ్డకట్టని జబ్బు ఉంటే రక్త పరీక్షలు అవసరం. ఒక ముక్కునుంచి మాత్రమే దుర్వాసనతో చీమిడి, నెత్తురు కలిసి వస్తుంటే లోపల చింతగింజో పూసో ఇరుక్కుని ఉండవచ్చు. బొమ్మల్లో వాడే బిళ్ళ బ్యాటరీ అయితే లోపలి పొరను గంటల్లోనే కాల్చేస్తుంది కనుక ఆ పూటే తీయించాలి. మన ప్రాంతంలో వానాకాలం దోమల కాలం కూడా. జ్వరంతో పాటు ముక్కు నెత్తురు వస్తే డెంగ్యూ అనుమానంతోనే చూడాలి, జ్వరానికి పారాసిటమాల్ తప్ప ఐబుప్రోఫెన్, ఆస్పిరిన్ ఇవ్వకూడదు. వరద రోజుల్లో పడవ దాటితే తప్ప రోడ్డెక్కలేని లంక గ్రామాల వాళ్ళు అలాంటి జ్వరం కనబడ్డ నాడే, ఏరు పెరగక ముందే బయలుదేరడం క్షేమం.

మాటిమాటికీ తిరగబెట్టే పిల్లలకు ముక్కు, చెవి, గొంతు వైద్యులు ఆ చోటును మొద్దుబరచి, సిల్వర్ నైట్రేట్ పుల్లతో రక్తనాళాలను మాడ్చి మూసే చికిత్స ఉంది. మధ్య గోడకు చిల్లు పడే ప్రమాదం లేకుండా దాన్ని ఒక విడతకు ఒక వైపే చేస్తారు. డెల్టాలోని పల్లెలవాళ్ళకు కాకినాడ ప్రభుత్వ సర్వజనాసుపత్రిలో ఈ విభాగం ఉంది. మాకు ఆ అవసరం రాలేదు. అది చుక్కల వల్లనో, వయసుతో అలవాటు తగ్గడం వల్లనో తేల్చి చెప్పలేను.

రకాల విషయానికి వస్తే, చుక్కల సీసా వంద రూపాయల లోపే దొరుకుతుంది, దానితోనే పని జరిగిపోతుంది. సముద్రపు నీటితో చేశామని అమ్మే స్ప్రేల ధర దానికి కొన్ని రెట్లు. ఎలర్జీతో బాధపడే పెద్దపిల్లలకు అవి సుఖంగా ఉంటాయేమో గాని, ఆ బుస్సుమనే శబ్దానికే మా వాడు మంచం కింద దూరాడు. స్ప్రే వాడేవారు దాని మూతిని మధ్య గోడ వైపు కాక, అదే వైపు కంటి బయటి కొస దిశగా తిప్పి కొట్టాలి. లేకుంటే నీటి జోరు నేరుగా పుండు మీదనే పడుతుంది. సెలైన్ జెల్ అన్నిటికన్నా ఎక్కువసేపు తడి నిలుపుతుంది, కాని చిన్న షాపుల్లో దొరకదు.

నేను ఐదింటికి మూడున్నర ఇస్తాను. తగ్గించిన మార్కులు ఉప్పునీటికి కావు, సీసాకూ డబ్బాకూ. మూతి గట్టి ప్లాస్టిక్కు కావడంతో కదిలే పిల్లవాడి ముక్కుకు గీసుకునే భయం ఉంది. వాడే పద్ధతి డబ్బా మీద తెలుగులో ఒక్క ముక్క లేదు. ఉన్న ఇంగ్లీషు అక్షరాలు అత్తయ్యగారి కళ్ళద్దాలకే కాదు, నా కళ్ళకూ అందవు. మూత తీశాక నెల రోజులకు మించి వాడవద్దన్న మాట ఆ సన్న అక్షరాల్లోనే దాగి ఉంటుంది. కాబట్టి తెరిచిన తేదీని సీసా మీద పెన్నుతో రాసుకోండి, అన్నదమ్ములకైనా ఒకే సీసా వాడకండి. ఉప్పూ నీళ్ళూ ఇంట్లో కలుపుకుంటే సరిపోదా అని అడిగే వారికి నా జవాబు వద్దనే: పాళ్ళు కుదరకపోతే మండుతుంది, కుళాయి నీరో బోరు నీరో మరగకాయకుండా ముక్కులో పోయడం ప్రమాదం. అమలాపురం, రాజోలు, పాలకొల్లు వంటి ఊళ్ళలో ఏ మందుల షాపులోనైనా ఈ సీసా ఉంటుంది. పల్లెల్లోని చిన్న షాపులో లేకపోతే, మీకు కావలసింది దిబ్బడ మందు కాదని స్పష్టంగా చెప్పి తెప్పించుకోండి.