ఒంటి తీగ వినడానికి బ్రహ్మంగారి మఠం దాకా

మా తాత ఏకతార అనే ఒంటి తీగ వాద్యం మీటుతూ తత్వాలు, అంటే వేదాంతం చెప్పే పాటలు, పాడేవాడు. ఆయన పోయాక అది అటకెక్కింది, దాని సొరబుర్రను ఎలుకలు కొట్టేశాయి. ఆ పాట మళ్లీ ఎక్కడైనా వినబడుతుందేమోనని మొన్న రెండు రోజులు కడప జిల్లా తిరిగాను.

మొదటి రోజు రాజంపేట వైపు. దారిలో ఒంటిమిట్ట కోదండరాముణ్ణి చూసుకుని, బోయనపల్లిలో రోడ్డు పక్కనున్న 108 అడుగుల అన్నమయ్య విగ్రహం దగ్గర దిగాను. ఫోటోకి బాగుంది, నీడే లేదు. అక్కణ్ణుంచి తాళ్లపాకకు ఆటో. అన్నమయ్య (1408–1503) పుట్టిన ఊరు. చెన్నకేశవస్వామి గుడిలో గంటసేపు హాయిగా కూర్చోవచ్చు. పాట మాత్రం మైకులోంచే వచ్చింది. ఆయన కీర్తనలు రాగిరేకులకెక్కి తిరుమలలో భద్రంగా మిగిలాయి. తత్వాలకు అంత యోగం ఎక్కడిది? పాడే నోటినీ మీటే తీగనూ నమ్ముకుని ఊరూరా తిరిగాయి.

కడపలో బస ఫర్వాలేదు, పొద్దున తిన్న ఎర్రకారం దోసె అంతకంటే మేలు. మైదుకూరు మీదుగా మఠానికి బస్సెక్కాను. ఒకప్పటి కందిమల్లాయపల్లె ఇదే. పోతులూరి వీరబ్రహ్మేంద్రస్వామి 1693లో ఇక్కడే జీవసమాధి పొందారని చెబుతారు. ఆయన శిష్యుడు సిద్ధయ్య దూదేకుల ఇంటి బిడ్డ. తత్వాలు పాడేవాళ్లలో అన్ని కులాలూ కనిపించడం ఈ గురుశిష్యుల పుణ్యమేననిపిస్తుంది నాకు.

ఫోన్లో మాట్లాడుకున్న ప్రైవేటు రూము పెద్ద మోసం. ఫ్యాను తిరగదు, రాత్రి పదికి నీళ్లు బంద్. అడిగితే "పొద్దున వస్తాయి సార్" అన్నారు. ఉక్క భరించలేక బయటికొచ్చాను. అదీ ఒకందుకు మంచిదే అయింది.

ఒక అరుగు మీద నలుగురు కూర్చుని ఉన్నారు. పెద్దాయన భుజానికి ఏకతార ఆనించుకుని చూపుడువేలితో మీటుతున్నాడు. ఎడమచేతిలో చిరతలు. ఎండిన సొరబుర్ర, దాని మూతికి బిగించిన తోలు, బుర్రలోంచి దూసిన వెదురుకర్ర, ఒకటే తీగ, అంతే. ఆ తీగ కూడా బండి బ్రేకు వైరులోంచి లాగిన పోగట! అది రాగం పలకదు, శ్రుతి మాత్రం పట్టుకుని ఉంటుంది. గొంతు ఎటు పోయినా మళ్లీ అక్కడికే రావాలి. పల్లవి ఆయన అందుకుంటే మిగతా ముగ్గురూ వంత. ఒక్కో చరణం అయ్యాక ఆగి అర్థం చెప్పేవాడు, మధ్యలో బీడీ కూడా ముట్టించాడు. రెండు దాటినా ఎవరూ లేవలేదు.

అందుకే పొద్దున వచ్చి సమాధి చూసి సాయంత్రం బస్సెక్కేవాళ్లకు ఈ ఊరు సగమే దొరుకుతుంది. ఒక రాత్రి ఉండాలి. వైశాఖ శుద్ధ దశమికి ఆరాధన. అప్పుడైతే పాడేవాళ్లు ఎక్కువే, కానీ జనంలో రూము ఆశ వదులుకోండి.

నన్నూ మీటమన్నాడు. నాలుగుసార్లకే వేలు మండింది. మా తాత బుర్ర సంగతి చెప్పాను.

"బుర్రదేముంది నాయనా, తోటలో కాస్తుంది. కర్ర ఉందా?"

తెల్లారగానే తమ్ముడికి ఫోన్ చేసి అటకెక్కమన్నాను. ఉందట. చెద కూడా పట్టలేదట.