జెనోడోలో నా పీహెచ్‌డీ డేటా దాచుకున్నాను, ఎలా ఉందంటే

పీహెచ్‌డీ కోసం శ్రీకాకుళం జిల్లా పల్లెల్లో వ్యవసాయం మాటలు సేకరించాను. 62 ఆడియో ఫైళ్లు, దాదాపు 40 గంటలు. ఐదేళ్లుగా అవన్నీ ఒకే హార్డ్‌డిస్క్‌లో ఉన్నాయి, ఒక రోజు అది టకటకమని చప్పుడు చేసి ఆగిపోయింది. మా గైడ్ దగ్గర ఒక కాపీ ఉండబట్టి బతికిపోయాను. ఆ టెన్షన్ తర్వాతే జెనోడో వైపు చూశాను.

జెనీవా దగ్గరున్న కణభౌతిక పరిశోధన సంస్థ సెర్న్ వాళ్లు 2013 నుంచి నడుపుతున్న డేటా భాండాగారం ఇది. ఏ దేశం వాళ్లైనా, ఏ సబ్జెక్టు వాళ్లైనా పెట్టుకోవచ్చు, పైసా కట్టక్కర్లేదు. అలెగ్జాండ్రియా గ్రంథాలయం మొదటి గ్రంథపాలకుడు జెనోడోటస్ పేరు పెట్టుకున్నారు, నాకది భలే నచ్చింది. ఒక్కో రికార్డుకు 50 జీబీ, 100 ఫైళ్ల వరకు పడతాయి. 48 కిలోహెర్ట్జ్, 24 బిట్ స్టీరియో వేవ్ ఫైలు (ధ్వనిని కుదించకుండా దాచేది) గంటకు సుమారు 1 జీబీ అవుతుంది, అంటే 40 గంటలున్నా ఎంపీ3గా కుదించే పని లేదు. ఉచ్చారణ మీద పనిచేసేవాళ్లకు ఇది చాలా ముఖ్యం, ఎంపీ3 చేసినప్పుడు పోయిన ధ్వని మళ్లీ రాదు.

అప్‌లోడ్ ఒక్క రాత్రిలో అయిపోయింది, సర్దడానికి మాత్రం రెండు నెలలు పట్టింది. మీ పట్టికలో ఈ గడికి అర్థమేంటి అని జెనోడోలో కూర్చుని అడిగే మనిషి ఉండరు, మీరు ఎలా ఇస్తే అలా భద్రంగా దాస్తారు, చెత్త ఇస్తే చెత్తే దాస్తారు. ఆడియో విని టైపు చేసుకున్న నా పాత ప్రతులన్నీ యూనికోడ్ (ఏ కంప్యూటర్‌లోనైనా తెలుగు సరిగా కనిపించే పద్ధతి) కాని డీటీపీ ఫాంట్‌లో ఉన్నాయి, ఆ ఫాంట్ లేని కంప్యూటర్‌లో తెరిస్తే తెలుగు బదులు ఇంగ్లిష్ అక్షరాలు, గుర్తులు కలగలిసి కనిపిస్తాయి. మార్పిడి సాఫ్ట్‌వేర్‌తో యూనికోడ్‌లోకి తెస్తే వత్తులు పక్క అక్షరానికి అంటుకున్నాయి, ప్రతి పేజీ ఆడియో వింటూ దిద్దాల్సి వచ్చింది. ఆ తర్వాత పదాల పట్టికను మామూలు సీఎస్‌వీగా (గడుల మధ్య కామాలుండే సాదా టెక్స్ట్ ఫైలుగా) సేవ్ చేస్తే తెలుగు ఉన్న ప్రతి గడిలో వరసగా ప్రశ్నార్థకాలే! సేవ్ చేసేటప్పుడు యూటీఎఫ్-8 (యూనికోడ్ అక్షరాలను దాచే పద్ధతి) అని విడిగా ఎంచుకోవాలి, దయచేసి ఇది మర్చిపోకండి, సేవ్ చేసిన ఫైలును మూసి మళ్లీ తెరిచి చూడండి.

వయస్సు గడిలో అక్కడక్కడా 99 అని ఉంది. చెప్పనివాళ్లకు అలా వేశానని నాకు తెలుసు, ఇరవై ఏళ్ల తర్వాత తెరిచేవాళ్లకు ఎలా తెలుస్తుంది? ఇలాంటివన్నీ రీడ్‌మీ ఫైలులో, అంటే డేటాతో పాటు ఉంచే వివరణ ఫైలులో, రాసి పెట్టాను. ఫైళ్ల పేర్లలో ఉన్న మనుషుల పేర్లు తీసేసి నంబర్లు ఇచ్చాను. అందరికీ మళ్లీ ఫోన్ చేసి, ఇంటర్నెట్‌లో పెట్టడం ఇష్టమేనా అని అడిగాను, వద్దన్న ఐదుగురివి పెట్టలేదు.

పబ్లిష్ చేయగానే డీఓఐ (ఆ డేటాను ఉదహరించడానికి వాడే శాశ్వత గుర్తింపు సంఖ్య) వస్తుంది, నిజానికి రెండు: ఒకటి ఆ వెర్షన్‌కి, ఒకటి అన్ని వెర్షన్లకీ కలిపి. పేపర్‌లో ఏ వెర్షన్ వాడారో ఆ డీఓఐనే ఇవ్వండి. తర్వాత వివరాలు దిద్దుకోవచ్చు కానీ ఫైళ్లలో తప్పు దొరికితే కొత్త వెర్షన్ వేయడమే పద్ధతి. మొదట్లో ఇది ఇబ్బందిగా అనిపించింది, ఇప్పుడు ఇదే సరైనదంటాను, రేపు ఎవరైనా నా పట్టికను ఉదహరిస్తే వాళ్లు చూసిందే అక్కడ ఉండాలి కదా.

ఇంటర్వ్యూల్లో ఆరోగ్యం, కులం లాంటి సున్నితమైన విషయాలు ఉంటే మాత్రం తొందరపడకండి, ముందు మీ సంస్థ ఎథిక్స్ కమిటీతో మాట్లాడండి.

పెట్టిన వారానికి స్నేహితురాలి లాప్‌టాప్‌లో డౌన్‌లోడ్ చేసి, పేజీలో ప్రతి ఫైలు పక్కన చూపించే ఎండీ5 చెక్‌సమ్‌తో (ఫైలు మారితే తానూ మారే కోడ్‌తో) పోల్చాం. అన్నీ సరిపోయాయి. ఒకటి ప్లే చేస్తే పెద్దాయన మాటల వెనకాల కోడి కూత కూడా వినపడింది.