డీసీలో చిట్టికి దొరికిన చోటు, మాకు తగిలిన బిల్లు

అక్టోబర్ చివర్లో న్యూజెర్సీలోని ఎడిసన్ నుంచి మా కుక్క చిట్టితో కారులో వాషింగ్టన్ వెళ్ళాం. ప్రయాణం, తిండి, మాన్యుమెంట్లు అన్నీ బాగానే జరిగాయి. బస దగ్గరే ఒళ్ళు మండింది. కుక్కల్ని రానిస్తారని చూసి బుక్ చేశాం. దిగగానే చిట్టికి 75 డాలర్లన్నారు, సరేనన్నాం. ఖాళీ చేసేటప్పుడు బిల్లులో క్లీనింగ్ పేరుతో ఇంకో 50! గదిలో ఒక్క వెంట్రుక చూపించమంటే కౌంటర్లో అబ్బాయి తలెత్తలేదు. వాదించి విసిగిపోయి మా ఆయన కట్టేశారు. కుక్కతో వెళ్ళేవాళ్ళు మొత్తం ఎంతవుతుందో ముందే ఈమెయిల్లో రాయించుకోండి.

అదే కోపంతో, కుక్కల్ని పట్టీ విప్పి ఆడుకోనిచ్చే శ్మశానం కంగ్రెషనల్ సెమెటరీకి వెళ్ళాం. "శ్మశానంలో ఆటలేంటమ్మా?" అని అత్తయ్యగారు కారు దిగనన్నారు.

1807 నాటి శ్మశానం, దాదాపు 35 ఎకరాలు. ఒకప్పుడు పాడుబడిపోయి, 1997లో దేశంలో ముప్పున్న చారిత్రక స్థలాల జాబితాకెక్కింది. దాన్ని బాగుచేయడానికి ముందుకొచ్చినవాళ్ళలో అక్కడ కుక్కల్ని తిప్పే చుట్టుపక్కలవాళ్ళున్నారు. ఇప్పటికీ అక్కడ కుక్కల్ని తిప్పే సభ్యులు కట్టే ఫీజు నిర్వహణకు వెళ్తుంది. మేం కొన్న డే పాస్ 10 డాలర్లు. ఈ యాత్రలో మనస్ఫూర్తిగా ఇచ్చిన డబ్బు అదే.

పట్టీ విప్పగానే చిట్టి ఆకుల కుప్పలోకి దూకింది. తోక మాత్రమే పైకి కనిపిస్తోంది! బయటికొచ్చి, ఒళ్ళు దులుపుకుని, మళ్ళీ దూకింది. ఎవరిదో గోధుమరంగు కుక్కతో కలిసి ఇసుకరాతి స్మారకాల వరస పొడుగునా పరుగే పరుగు. ఎఫ్‌బీఐని దశాబ్దాల పాటు ఏలిన హూవర్ సమాధికి ఇనుప కంచె ఉంది. మా ఆయన అక్కడ ఫొటోలు తీసుకుంటుంటే వెనక్కి చూశాను, అత్తయ్యగారు కారు దిగి వస్తున్నారు. బెంచీ మీద కూర్చుని, "ఇక్కడివాళ్ళు పోయినవాళ్ళని ఒంటరిగా వదిలెయ్యలేదే!" అన్నారు. చిట్టికి బిస్కెట్ కూడా పెట్టారు. ఇంటికొచ్చాక తలస్నానం మాత్రం మానలేదు, మాతోనూ చేయించారు.

కుక్కను బుట్టలోనో బ్యాగులోనో పెడితే తప్ప మెట్రోలోకి రానివ్వరు, కారులోనే వెళ్ళండి. ఇప్పటికీ అక్కడ ఖననాలు జరుగుతాయి, అంత్యక్రియలుంటే కుక్కను దూరంగా ఉంచండి. కవాతు (మార్చ్) సంగీతానికి పేరుపడ్డ స్వరకర్త సూసా సమాధి కూడా అక్కడే ఉంది. ఆయన పుట్టినరోజు నవంబర్ 6న అమెరికా మెరైన్ దళం బ్యాండ్ వచ్చి వాయిస్తుంది. సెలవు దొరికేవాళ్ళు ఆ వారం చూసుకుని వెళ్ళండి.